ఈగల లెక్క

బెంగళూరు,
20 జనవరి 2025.

పూజ్యులైన మావయ్యకి సూర్యకళ నమస్కారాలు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటారేమో. మీ చెవి సంగతి అమ్మ చెప్పింది. ఫోను చేస్తే మీ కోడలు ఇందు అక్క ఎత్తుతుంది, నేనన్న ప్రతి మాటా మీ చెవి దగ్గర అరిచి చెబుతుంది, మీ వీధి వీధంతా వింటుంది. మన ఇద్దరి మధ్యా ఉన్న సంగతి వీధికి వినిపించేది కాదు కదా.

హైదరాబాదులో హాస్టల్ మెస్ మానేసి నవంబరులో ఇక్కడికి వచ్చాను. ఇదీ వంట ఉద్యోగమే. కాకపోతే తినేది మనుషులు కాదు, ఈగలు. నవ్వకండి. ఇదొక పరిశోధన సంస్థ. అరటిపళ్ళ మీద ముసిరే సన్న ఈగలుంటాయే, వాటిని ఇక్కడ సీసాల్లో పెట్టి అపురూపంగా పెంచుతారు. వాటికి తిండి వండడం నా పని. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడడానికి నాచు జిగురు, బూజు పట్టకుండా కొంచెం మందు. ఉడికించి, వేడి వేడిగా సీసాల్లో పోసి, చల్లారాక దూదితో మూతి మూసేయాలి. రోజుకి ఎనిమిది వందల సీసాలు. హాస్టల్ పిల్లలకంటే ఈగలు నయం, ఉప్పు తక్కువైందని కంచం తొయ్యవు.

మొదటిరోజు ఆ సీసాలు చూడగానే మీరే గుర్తొచ్చారు. బడిలో సైన్సు మాస్టారు కాకముందు యూనివర్సిటీలో రెండేళ్ళు ఈగలతో పనిచేశానని, అరటిపండు మెదిపి పెట్టేవాణ్ణని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పారో. అవే ఇవి.

ఇంకో సంగతి కూడా గుర్తొస్తూ ఉంటుంది. పందొమ్మిదేళ్ళొచ్చినా పెద్దమనిషి కాలేదని, ఎత్తు కూడా పెరగలేదని, పెళ్ళి ముందు ఒకసారి చూపించాలని అమ్మా అయ్యా నన్ను విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం తీసి ఇచ్చిన రిపోర్టు ఇంగ్లీషులో ఉందని, డాక్టరుకంటే ముందు మీ దగ్గరకే తెచ్చారు. మీరు చదివి, కాగితం వెనక ఎర్ర పెన్సిలుతో రాసి చెప్పారు. ఎక్స్ ఒక్కటే ఉంది, ఇది పైకి ఆడ, లోపల మగ, పిల్లలు పుట్టరు అని. మీరు చెప్పకపోతే నేనేమిటో నాకు తెలిసేది కాదు. మీ అబ్బాయి ధనరాజ్ బావతో మేనరికం జరిగిపోయి ఉంటే రెండిళ్ళ పరువూ పోయేది. ఆ మాట మీకెప్పుడూ చెప్పలేదు, ఎదురుగా చెప్పాలంటే తలెత్తలేను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మీకు ఋణపడి ఉన్నాను.

ఇక్కడి బెల్లం తెల్లగా ఉంటుంది, ఏం కలుపుతారో తెలియదు, ఈగలకి నచ్చడం లేదు. మన అనకాపల్లి మార్కెట్లో నల్లబెల్లం రెండు దిమ్మలు పార్సిల్ చేయించగలరా?

మీ
సూర్యకళ


అనకాపల్లి,
4 ఫిబ్రవరి 2025.

చిరంజీవి సూర్యకళకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పోస్ట్‌మాన్ దాన్ని తిప్పి తిప్పి చూసి, "మాస్టారూ, శుభలేఖ కాదు, చావుకబురు కాదు, ఉత్తరవేనండి బాబూ!" అన్నాడు. ఇంట్లో ఎవరూ చూడలేదు.

బెల్లం రెండు కాదు, నాలుగు దిమ్మలు పంపాను. మార్కెట్లో తాతబ్బాయి గోనె విప్పి విరిచి చూపించాడు. మందు వేయనిది, లోపల ముదురు గోధుమ రంగు. ఈగలకని చెబితే నమ్మలేదు. "ఈగల్ని తోలడానికి మనిసిని పెట్టుకున్నాం మేం, ఆల్లు పిలిసి మేపుతారేటండి?" అన్నాడు.

నువ్వు రాసింది చదువుతుంటే ఆ రెండేళ్ళూ కళ్ళ ముందుకు వచ్చాయి. మా రోజుల్లో ఈథరు వాసన చూపించి ఈగల్ని మత్తులో పడేసి, కుంచెతో ఒక్కొక్కటీ జరిపి లెక్కపెట్టేవాళ్ళం. ఎర్రకళ్ళవి ఎన్ని, తెల్లకళ్ళవి ఎన్ని, ఆడవెన్ని, మగవెన్ని. కలలో కూడా లెక్కపెట్టేవాణ్ణి. చదువు పూర్తి కాకపోయినా ఆ లెక్క మాత్రం వేళ్ళలో ఉండిపోయింది.

పాత సంగతులు తవ్వుకోకు. ఋణం అనే మాట రాయకు, అది చదివి నాకు అన్నం సహించలేదు. ఆ రిపోర్టు కాగితం ఇంకా నీ దగ్గరుంటే చింపి పారెయ్యి. అక్కడి చదువుకున్న వాళ్ళెవరికీ చూపించకు. లోకం మంచిది కాదు, నవ్వుతారు. వంట పని వంట వరకే చూసుకో.

ఆశీస్సులతో,
త్రినాధరావు


బెంగళూరు,
26 ఫిబ్రవరి 2025.

పూజ్యులైన మావయ్యకి నమస్కారాలు.

బెల్లం అందింది. నాలుగు దిమ్మల్లో ఒకటి దారిలో చెమ్మగిల్లింది, అదే ముందు వాడాను. ఈగలు ఎగబడి గుడ్లు పెట్టాయి. ధనశ్రీ అని ఇక్కడ పరిశోధన చేసే పిల్ల ఉంది, మన రాజయ్యపేట పిల్లే, వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవాడట. ఆ అమ్మాయి సీసాలు చూసి, "అక్కా, మీ ఊరి బెల్లం తిని ఇవి నా మాట వినడం మానేసేయి!" అంది.

ఆ అమ్మాయి దగ్గర ఆడ, మగ ఏరడం నేర్చుకున్నాను. ఇప్పుడు మత్తుకి ఈథరు కాదు, గ్యాసు. తెల్లటి పలక మీద నిద్రపోతుంటాయి. మగదానికి వెనక నల్లగా గుండ్రంగా ఉంటుంది, ముందు కాళ్ళకి చిన్న దువ్వెనలాంటివి ఉంటాయి. ఆడది కొంచెం పెద్దది. మీకు తెలియంది కాదు. నాకు మాత్రం కొత్త, సెలవు రోజున కూడా వెళ్ళి ఏరుతున్నాను.

మొన్న విడిగా పెట్టిన సీసా ఒకటి చూపించింది. "వీటికి ఎక్స్ ఒక్కటే అక్కా, వై లేదు. అన్నీ మగవే. పిల్లలు మాత్రం పుట్టవు," అంది. మావయ్యా, అవి మీరు ఎర్ర పెన్సిలుతో రాసిన మాటలే. ముప్పై ఒక్కేళ్ళకి నాలాంటి వాటిని మొదటిసారి చూశాను. ఒక సీసా నిండా ఉన్నాయి. ముందు సంతోషం వేసింది, తర్వాత సిగ్గేసింది, ఎవరైనా నా మొహం చూసి పోల్చుకుంటారేమోనని గబగబా పెట్టేశాను.

తర్వాత రోజూ వాటి దగ్గరికి వెళ్ళి చూస్తున్నాను. ఒక రెక్క చాపి ఆడ ఈగ వెనకాల తిరుగుతాయి, కాళ్ళకి దువ్వెనలున్నాయి, అన్నీ ఉన్నాయి. అక్కడే నాకొక సందేహం వచ్చింది. అవి లోపలా మగే, పైకీ మగే. మరి నాకు పైకి ఆడరూపం ఎందుకొచ్చింది? ఆ సంగతి ఆ రోజు మీరు చెప్పలేదు, మేమూ అడగలేదు. ధనశ్రీని అడగాలంటే నోరు రాదు. మీరే రాయండి. ఎంత కష్టమైన సంగతైనా మీరు చెబితే నాకు అర్థమవుతుంది.

మీ
సూర్యకళ


అనకాపల్లి,
17 మార్చి 2025.

చిరంజీవి సూర్యకళకి ఆశీస్సులు.

జవాబు ఆలస్యమైంది. చెవిపోటు. ఎండలు అప్పుడే ముదిరాయి. ఈసారి చెరుకు దిగుబడి తక్కువని మీ అయ్య బాధపడుతున్నాడు. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర పనులు మొదలయ్యాయి, వీధి నిండా జనం.

నువ్వడిగింది పెద్ద ప్రశ్న. దేహధర్మం చాలా లోతైనది, అన్నిటికీ జవాబులు ఉండవు. నాకు వయసైపోయింది, చదివినవి చాలావరకు మరిచిపోయాను. ఆ పిల్లని మాత్రం అడగకు. చిన్నపిల్ల, ఏదో ఒకటి చెప్పి నీ మనసు పాడుచేస్తుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

త్రినాధరావు


బెంగళూరు,
31 మార్చి 2025.

త్రినాధరావు మాస్టారికి,

అడగొద్దన్నారు. అడిగాను.

కాగితం చింపలేదు. పన్నెండేళ్ళుగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెట్టె అడుగున దాచుకున్నాను. దాన్ని ధనశ్రీ ముందు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ పిల్ల ముందు వైపు చదివింది, వెనక వైపు చదివింది, మళ్ళీ ముందు వైపు చదివింది.

"ఇది ఎవరు రాసేరక్కా?" అంది.

"మా మావయ్య. సైన్సు మాస్టారు."

"ఇది ఈగల లెక్క అక్కా. మనిసి లెక్క కాదు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఈగ ఒంట్లో ఎక్స్‌లు ఎన్నున్నాయన్నదాన్ని బట్టి ఆడో మగో తేలుతుందట. రెండుంటే ఆడ, ఒక్కటే ఉంటే మగ. వై ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. మనిషి సంగతి వేరట. మనిషిలో వై ఉంటే మగ, లేకపోతే ఆడ. ఎక్స్ ఒక్కటే ఉన్నా సరే, వై లేదు కాబట్టి ఆడే. "నువ్వు ఆడదానివే అక్కా. పైనా, లోపలా. రెండు వేల మంది ఆడపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. చిన్నప్పుడే మందులు వాడతారు, ఎముకలకి, గుండెకి పరీక్షలు చేస్తారు. నీకెవరూ చెయ్యలేదా?" అంది.

ఎవరూ చెయ్యలేదు. మీ మాట విన్నాక అమ్మా అయ్యా మళ్ళీ డాక్టరు గడప తొక్కలేదు. ఇంకెవరి నోటా ఆ మాట వినే ధైర్యం వాళ్ళకి లేకపోయింది.

నా బతుకు ఎలా గడిచిందో మీకు తెలియాలి. హాస్టల్లో ఆడపిల్లలు బట్టలు మార్చుకుంటుంటే బయటికి వెళ్ళిపోయేదాన్ని. నేను మగాణ్ణి కదా, చూడకూడదు కదా అని. ఏడేళ్ళు వాళ్ళ గదిలో పడుకోకుండా వంటగదిలో పడుకున్నాను. బస్సులో ఆడవాళ్ళ సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడేదాన్ని. దొంగతనం చేసినట్టుండేది. ఏ తప్పూ చెయ్యకుండా పన్నెండేళ్ళు తలదించుకుని నడిచాను.

మొదటిసారి ఎప్పుడు దించుకున్నానో కూడా చెబుతాను. ఆ ఏడు వరలక్ష్మి శుక్రవారం. తుమ్మపాలలో మా ఇల్లు. అప్పలనర్సమ్మ పెద్దమ్మ పసుపు గిన్నె పట్టుకుని వరసగా అందరి పాదాలకీ రాసుకుంటూ వచ్చింది. నా దగ్గరికి వచ్చి, అమ్మ మొహం చూసి, నన్ను దాటి పక్కదానికి రాసింది. అమ్మ చూస్తూనే ఉంది. నేను పాదాలు లంగా కిందకి లాక్కున్నాను. మీరు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

ఇంకొకటి. మీకు రాసిన ఉత్తరాల్లో "వెళ్ళాను, వచ్చాను" అనే రాశాను, గమనించారా? "వెళ్ళేదాన్ని" అని రాయడానికి చెయ్యి ఆడేది కాదు. "వెళ్ళేవాణ్ణి" అని రాయడానికి సిగ్గేసేది. మీరూ తక్కువ తినలేదు. చిన్నప్పటినుంచి "ఏటే కోడలా" అని పిలిచిన నోరు ఆ రోజుతో మూతపడింది. "అమ్మా" అనడం కూడా మానేశారు. "నువ్వు" అనే మాటకి ఆడా మగా లేదు కాబట్టి దానితో సరిపెట్టారు. ఇవాళ ఈ ఉత్తరంలో "దాన్ని" అని ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టుకోండి. లెక్కలంటే మీకు ఇష్టం కదా.

రెండే ప్రశ్నలు. మీరు పొరపాటు పడ్డారా? అది పొరపాటని మీకు ఎప్పుడు తెలిసింది? మొదటిదానికి జవాబు నాకు తెలుసు. కాగితం చింపెయ్యమన్నప్పుడే తెలిసింది. రెండోదానికి రాయండి.

సూర్యకళ


అనకాపల్లి,
22 ఏప్రిల్ 2025.

సూర్యకళకి,

పైన ఏమని రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. పేరు మాత్రమే రాశాను.

పొరపాటు పడ్డాను. ఆ రోజు మీరంతా నా చుట్టూ కూర్చున్నారు. మీ అమ్మ రిపోర్టు రెండు చేతులతో ఇచ్చింది. ఆ కాగితంలో అంకెలూ ఒక్క ఎక్సూ తప్ప నాకేమీ తెలియదు. "నాకు తెలియదు కొండతల్లీ, డాక్టరుని అడుగుదాం" అని ఉంటే సరిపోయేది. మన రెండు కుటుంబాల్లో ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, తెలియదనడం నాకు చేతకాలేదు. ఒక్క ఎక్స్ కనబడగానే వేళ్ళలో ఉన్న ఈగల లెక్క నోట్లోకి వచ్చేసింది. బడిలో వేలమంది పిల్లలకి ఎక్స్ వై పాఠం చెప్పాను. అందులో ఎక్స్ ఒక్కటే ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న లేదు. ఈగలది తెలుసు కాబట్టి మనిషిదీ తెలుసనుకున్నాను. పైగా ఎర్ర పెన్సిలుతో రాశాను, పరీక్ష పేపరు దిద్దినట్టు.

ఎప్పుడు తెలిసింది అంటే, శ్రావణం వెళ్ళాక. విశాఖలో పాత క్లాసుమేటు ఇంట్లో పెద్ద పుస్తకం కనబడితే, మనసులో ఏదో ముల్లులా ఉండి తెరిచాను. అందులో బొమ్మతో సహా ఉంది. అప్పటికి ధనరాజ్‌కి గొలుగొండ వాళ్ళతో, అదే ఇందు వాళ్ళతో, తాంబూలాలు అయిపోయాయి. ఇప్పుడు చెబితే ఆ పిల్ల బతుకు ఏమవుతుందని ఆగాను. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. పెళ్ళయ్యాక, ఇంకేం చెప్పడమని మానేశాను. నువ్వు ఊరు విడిచి వెళ్ళిపోయావని తెలిసిన రోజు, సిగ్గులేకుండా రాస్తున్నాను, నాకు కొంచెం తేలికైంది. కంటికి కనబడవు కదా అని.

ఇందు నాకు రోజూ చెవిలో మందు వేస్తుంది. మంచి పిల్ల. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా నాకు నువ్వు గుర్తొస్తావు.

జనవరిలో నీ ఉత్తరంలో "ఋణపడి ఉన్నాను" అన్న మాట దగ్గర ఆగి, ఉత్తరం మడిచి దిండు కింద పెట్టేశాను. అప్పుడైనా నిజం రాయవలసింది. కాగితం చింపెయ్యమని రాశాను. నీ కోసం కాదు, నా కోసం.

క్షమించమని అడిగే మొహం లేదు. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

త్రినాధరావు


బెంగళూరు,
3 మే 2025.

త్రినాధరావు మాస్టారికి,

ధనరాజ్ బావ నాకు తప్పిపోయాడని మీరు బాధపడకండి. అన్నం తింటూ కూడా చెవిలో పుల్ల తిప్పుకునే మనిషి, నేనెప్పుడూ ఆయన్ని కోరుకోలేదు. రిపోర్టు సరిగ్గా చదివినా ఆ పెళ్ళి ఆగేదేమో. ఆగితే ఆగేది. ఆడపిల్లగా ఇంట్లో ఉండేదాన్ని. అది పోయింది నాకు.

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నారు కదా. అసలు కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను, నా దగ్గర జిరాక్సు ఉంచుకున్నాను, చింపినా లాభం లేదు.

తుమ్మపాల వెళ్ళండి. ఆ రోజు ఆ గదిలో ఎవరెవరున్నారో వాళ్ళనే కూర్చోబెట్టండి. అమ్మ, అయ్య, అప్పలనర్సమ్మ పెద్దమ్మ. ఏ నోటితో చెప్పారో ఆ నోటితోనే, వాళ్ళకి అర్థమయ్యేలా పాఠం చెప్పండి. తర్వాత వాళ్ళ ఎదురుగానే మీరు రాసింది దిద్దండి. ఎర్ర పెన్సిలుతోనే. కింద సంతకం పెట్టి తేదీ వెయ్యండి. నాకు తిరిగి పంపండి.

అమ్మకి నేను ఫోనులో చెప్పేయగలను. చెప్పను. నేను చెబితే ఓదార్పుకి చెప్పానంటుంది. మాస్టారు చెబితేనే నమ్మే ఇల్లు మాది.

సూర్యకళ


అనకాపల్లి,
18 మే 2025.

సూర్యకళకి,

నిన్న వెళ్ళాను. ఫ్యాక్టరీ రోడ్డు మలుపు దగ్గర ఆటో దిగి, ఇంటి వరకు నడవడానికి అరగంట పట్టింది, రెండుసార్లు వెనక్కి తిరిగాను. మీ అమ్మ నన్ను చూసి కుర్చీ వేసి, "ఎండలో వచ్చేవేటన్నయ్యా," అని చెరుకురసం తెచ్చింది. తాగలేదు. ముగ్గురినీ కూర్చోమన్నాను. నేను నిలబడే చెప్పాను.

ఈగ ఎలాగో, మనిషి ఎలాగో చెప్పాను. బియ్యప్పిండితో నేల మీద గీతలు గీసి చూపించాను. పాఠం బాగానే అర్థమైంది వాళ్ళకి. ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాల్లో ఇంత నిశ్శబ్దంగా ఎవరూ వినలేదు.

ముందు మీ అయ్య మాట్లాడాడు. బుల్లిబాబు నా మీద గొంతెత్తడం నేనెరగను, నిన్న కూడా ఎత్తలేదు. "ఈగనీ నా పిల్లనీ ఒక్క గాటన కట్టేసేవా బావా," అన్నాడు. లేచి పొలం వైపు వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోలేదు.

మీ అమ్మ అడిగింది. "దీనికి మందుండీదా అన్నయ్యా, అప్పుడు?"

"ఉండేది," అన్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

నీకు రాసిందే చెప్పాను. శ్రావణం వెళ్ళాక అని.

"అయితే ఈ పన్నెండేల్లల్లో మా ఇంట్లో ఎన్నిపాల్లు అన్నం తిన్నావు నువ్వు?"

 ప్రతి పండక్కీ తిన్నాను. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీ అన్నం కూడా అదే గిన్నెలో ఉండేది.

అప్పలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా సేత్తో దాన్ని దాటేసేను, నా సేతులు పడిపోను," అని మీ అమ్మ చేతులు పట్టుకుంది. మీ అమ్మ విడిపించుకుంది. "నేను సూత్తా ఊరుకున్నాను అక్కా, నిన్నేటంతాను," అంది.

వాళ్ళ ఎదురుగానే కాగితం దిద్దాను. పంపుతున్నాను.

నేను గుమ్మం దాటుతుంటే మీ అమ్మ పసుపు పొట్లం ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టింది, నా చేతికి ఇవ్వలేదు. "దానికి నేనియ్యడానికి మొకం సెల్లదు. నువ్వే అంపు," అంది. అదీ ఇందులోనే ఉంది.

త్రినాధరావు


బెంగళూరు,
1 జూన్ 2025.

త్రినాధరావు మాస్టారికి,

పొట్లం అందింది. భయపడకండి, ఈగల తిండిలో వెయ్యలేదు. వాసన చూశాను, మా ఇంటి అటక వాసన వచ్చింది. నా బల్ల మీద పెట్టుకున్నాను. పాదాలకి ఇంకా రాసుకోలేదు. చెయ్యి వెళుతోంది, ఆగిపోతోంది, పన్నెండేళ్ళ అలవాటు ఒక పొట్లంతో పోదు. ధనశ్రీ నేను రాస్తానంటే వద్దన్నాను. అమ్మ ఫోను చేసింది. అన్నం తిన్నావా అని రెండుసార్లు అడిగింది. చివరికి, "శ్రావణానికి వత్తావా?" అంది. చూస్తానన్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండె బాగానే ఉందట. ఎముకలు మాత్రం అరవై ఏళ్ళ మనిషివిలా ఉన్నాయంది. మాత్రలు మొదలుపెట్టాను. పందొమ్మిదేళ్ళప్పుడే ఎందుకు రాలేదని అడిగింది. మా ఇంట్లో ఒక మాస్టారు ఉన్నారని చెప్పాను.

కాగితం చూశాను. "మగ" కొట్టేసి "ఆడ" అని రాశారు. "ఈ లెక్క ఈగలకి, మనిషికి కాదు. తప్పు నాది" అని రాశారు. సంతకం గుండ్రంగా ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, తేదీ తప్ప. 17 మే 2025 అని వేశారు. అది మా వాళ్ళకి తెలిసిన తేదీ. మీకు తెలిసిన తేదీ వెయ్యండి.

శ్రావణం వెళ్ళాక అన్నారు. వెళ్ళాక ఏ రోజు? మీరు రోజూ డైరీ రాసే మనిషి, పాత డైరీలు బీరువా పైన వరసగా ఉంటాయి, చిన్నప్పుడు నేనే దుమ్ము దులిపేదాన్ని. 2013ది తీసి చూడండి. మీ నుంచి నాకు ఇంకేమీ అక్కర్లేదు. మీకు తెలిసీ నేను ఏ రోజు నుంచి ఒంటరిగా ఉన్నానో, ఆ రోజు నాకు తెలియాలి.

కాగితం తిరిగి పంపుతున్నాను.

సూర్యకళ


అనకాపల్లి,
12 జూన్ 2025.

సూర్యకళకి,

డైరీ తియ్యనక్కర్లేకపోయింది. ఆ తేదీ నాకు తెలుసు. ఎప్పుడూ మరిచిపోలేదు. అయినా తీసి చూశాను, ఒక్కరోజైనా అటు జరిగి ఉంటుందేమోనని. జరగలేదు.

5 ఆగస్టు 2013, సోమవారం. కాగితం మీద అదే దిద్దాను.

శ్రావణం వెళ్ళాక అని నీకు రాసిందీ, మీ అమ్మ ఎదురుగా చెప్పిందీ అబద్ధం. అప్పటికి శ్రావణం రానేలేదు. ఆ సోమవారం విశాఖలో పుస్తకం చూసి, నేరుగా తుమ్మపాల వెళ్ళి చెప్పాలనే బస్సెక్కాను. సంచీ పెట్టేసి వెళదామని ముందు ఇంటికి వచ్చాను. వచ్చేసరికి గొలుగొండ వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆషాఢం వెళ్ళగానే మాటలు పెట్టుకుందాం, మేనరికం ఏదో ఉందంటున్నారు, అది తేల్చండి అని అడిగారు. ధనరాజ్ తల్లి నా వైపు చూసింది. నేను, "మేనరికం లేదండి," అన్నాను. తాంబూలాలు ఇరవై రెండున. మధ్యలో పదిహేడు రోజులున్నాయి. ఏ రోజు చెప్పినా నీ బతుకు నీకు దక్కేది. నేను ఆ తాంబూలాలు ఎప్పుడు అయిపోతాయా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఈగల లెక్క పొరపాటు. ఇది పొరపాటు కాదు.

రేపు పొద్దున్నే తుమ్మపాల వెళ్ళి ఈ తేదీ మీ అమ్మకీ అయ్యకీ చెబుతాను. కుర్చీ వేయరు. వేయకూడదు. వచ్చాక ఇందుకీ చెబుతాను.

ఒక్కటి మిగిలింది. వరలక్ష్మి శుక్రవారం నాడు నేను అరుగు మీద పేపరు చదువుతున్నానని రాశావు. చదవలేదు. పేపరు అడ్డం పెట్టుకుని, నువ్వు పాదాలు లంగా కిందకి లాక్కోవడం చూశాను. అప్పటికి నాకు తెలిసి పదకొండు రోజులు.

త్రినాధరావు